తలలో చేరిన నెత్తురు ఎటు పోతుంది?

పాఠకుల ప్రశ్నలు – న్యూరాలజిస్టు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారికి 52 ఏళ్ళు. రైసు మిల్లులో గుమాస్తాగా పని చేస్తారు. నాలుగు నెలల క్రితం ఉదయం స్నానం చేస్తూ ‘తల మీద ఎవరో బండ వేసినట్టుంది’ అని అరిచి, వాంతి చేసుకుని పడిపోయారు. రక్తనాళం మీద ఉబ్బు పగిలి మెదడు చుట్టూ రక్తస్రావం అయిందని చెప్పి కాయిలింగ్ (రక్తనాళం గుండా వెళ్ళి ఉబ్బును సన్నటి తీగచుట్టలతో పూడ్చడం) చేశారు. తలలో సన్నటి గొట్టం పెట్టి 12 రోజులు నీరు తీశారు. మొత్తం 24 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు స్కానులో నెత్తురు ఏమీ లేదంటున్నారు. నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, కానీ పదకొండు గంటలయ్యేసరికి సోలిపోతున్నారు. లెక్కల పుస్తకం తీస్తే రెండు పేజీలకే తల పట్టుకుంటున్నారు. ఈమధ్య ఒక పెళ్ళికి వెళితే బ్యాండు చప్పుడు భరించలేక తాళి కట్టకముందే లేచి వచ్చేశాం. ‘మనిషి బాగానే ఉన్నాడు, బద్ధకం పెరిగింది’ అని మా మరుదులు అంటున్నారు. తలలో చేరిన ఆ నెత్తురంతా ఎటు పోయింది? మెదడులో మురుగు పోయే దారులు ఉంటాయనీ, అవి పూడుకుపోతే ఇలా అవుతుందనీ మా అబ్బాయి ఎక్కడో చదివి చెబుతున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ముందుగా మీ మరుదులకు ఒక మాట చెప్పండి. మీ వారిది బద్ధకం కాదు. ఈ రకం రక్తస్రావం నుంచి బయటపడి, కాళ్ళూ చేతులూ మాటా చక్కగా ఉన్నవారిలో కూడా చాలామందిని నెలల తరబడి, కొందరిని ఏళ్ళ తరబడి వదలకుండా పట్టుకునేది ఈ అలసటే. పైకి కనిపించే కుంటితనం ఏదీ లేకపోవడం వల్ల ఇంట్లోవాళ్ళకు ఇది నమ్మశక్యంగా ఉండదు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవారి మీద చూపే జాలిలో సగం కూడా వీరికి దక్కదు.

ఇక నెత్తురు సంగతి. పదో తరగతి జీవశాస్త్రంలో మెదడు చుట్టూ వరాశిక, లౌతికళ, మృద్వి అని మూడు పొరలుంటాయని చదివే ఉంటారు. లూత అంటే సాలెపురుగు. మధ్య పొర నుంచి కిందికి సాలెగూడు దారాల్లాంటి పోగులు వేలాడుతుంటాయి కనుక దానికా పేరు వచ్చింది. పాఠ్యపుస్తకాల కోసం ఈ మాట తయారు చేసినవారు శ్రద్ధ ఉన్నవారే. ఆ లౌతికళకూ, మెదడును అంటిపెట్టుకుని ఉండే మృద్వికీ నడుమ తేటనీటి లాంటి ద్రవం నిండి ఉంటుంది. దాన్నే మస్తిష్క మేరుద్రవం అంటారు. మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమనులు ఈ నీటిలోనే ఉంటాయి. మీ వారికి ఉబ్బు పగిలింది అక్కడే. పగిలిన క్షణంలో, గుండె కొట్టే ఒత్తిడితో నెత్తురు నేరుగా ఆ నీటిలోకి చిమ్ముతుంది. అందుకే ఆ నొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వస్తుంది. మొదటి రోజు తీసిన సి.టి. స్కాను ఫిల్ము మీ దగ్గర ఉంటే వెలుతురుకు ఎత్తి చూడండి. మెదడు అడుగుభాగాన మామూలుగా నల్లగా కనిపించవలసిన ఖాళీలు తెల్లగా, నక్షత్రం ఆకారంలో మెరుస్తుంటాయి. ఆ తెలుపే నెత్తురు.

పెద్దవారి తలలోనూ వెన్నుపాము చుట్టూ కలిపి ఈ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, అంటే ఒక టీ గ్లాసుడు. అయితే రోజుకు ఊరేది దాదాపు 500 మిల్లీలీటర్లు. అంటే ఉన్న నీరంతా రోజుకు మూడుసార్లకు పైగా మారిపోతున్నదన్నమాట. ఊరినది ఊరినట్టే బయటికి పోకపోతే తలలో ఒత్తిడి పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. మీది డెల్టా ప్రాంతం కాబట్టి ఇది మీకు నేను చెప్పనక్కరలేదు: పొలానికి నీరు పెట్టే బోదె ఒకటైతే, నీరు తీసే మురుగు డ్రెయిన్ వేరొకటి. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుంటే పై నుంచి ఎంత మంచి నీరు వచ్చినా చేను మునుగుతుంది. మెదడు విషయంలో వైద్యులం చాలాకాలం బోదెల గురించే, అంటే ధమనుల గురించే, మాట్లాడుకున్నాం. డ్రెయిన్ల సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

నేను వైద్యం చదివిన రోజుల్లో మాకు చెప్పిన పాఠం సులువైనది. మెదడు పై పొరల్లో ఉండే చిన్న చిన్న బుడిపెల గుండా ఈ ద్రవం నేరుగా పెద్ద సిరల్లోకి చేరుతుందని, ఒంట్లో మిగతా అవయవాలకు ఉన్నట్టు మెదడుకు శోషరస నాళాలు లేవని చెప్పేవారు. శోషరస నాళాలంటే కణాల మధ్య మిగిలిన నీటినీ, చెత్తనూ ఏరుకుని మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే శోషరస గ్రంథుల గుండా తిరిగి రక్తంలో కలిపే సన్నటి గొట్టాలు. కాలికి పుండు పడినప్పుడు గజ్జల్లో బిళ్ళ కట్టేది ఈ దారి వల్లనే. నిజానికి ఇటలీకి చెందిన శరీరశాస్త్రవేత్త పావొలో మస్కాన్యీ 1787లో ప్రచురించిన తన గ్రంథంలో మెదడు పొరల మీద కూడా శోషరస నాళాలున్నాయని రాశాడు. తర్వాతి తరాలు ఆ మాటను పక్కన పెట్టేశాయి. 1869లో జర్మనీకి చెందిన గుస్తావ్ ష్వాల్బె ఈ ద్రవంలోకి నీలిరంగు ఎక్కించి, అది శోషరస మార్గాల్లో తేలడం చూశాడు. అయినా పాఠ్యపుస్తకం మారలేదు.

మారింది 2015లో. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ కిప్నిస్ బృందం, ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో కారి అలితాలో బృందం ఎవరికి వారు ఎలుకల వరాశికలో శోషరస నాళాలను చూపించారు. వర్జీనియా వారి పనిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మెదడు పొరలను పుర్రె నుంచి ఒలిచేటప్పుడు సన్నటి నాళాలు చిరిగి కనిపించకుండా పోతాయి. ఆంత్వాన్ లూవో అనే పరిశోధకుడు పొరను పుర్రె చిప్పకు అంటుకుని ఉండగానే రసాయనంతో గట్టిపరచి, ఆ తర్వాత ఒలిచి మొత్తంగా సూక్ష్మదర్శిని కింద పరిచాడు. రెండు శతాబ్దాలుగా చేజారినది ఆ చిన్న మార్పుతో కంటికి చిక్కింది. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు బతికి ఉన్న మనుషుల్లో, మందు ఎక్కించి తీసిన ఎం.ఆర్.ఐ.లో, ఈ నాళాలు మెదడు పైనున్న పెద్ద సిర వెంబడి సాగుతున్నట్టు చూపించారు. ఇవి మెడలో లోతుగా ఉన్న శోషరస గ్రంథులకు చేరతాయి. ముక్కు పైభాగాన ఎముకకున్న చిల్లుల గుండా, ముక్కు వెనక గొంతు దగ్గరున్న శోషరస వల గుండా కూడా కొంత ద్రవం పోతుంది.

దీనికి ముందే, 2012లో, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకెన్ నెదర్‌గార్డ్, జెఫ్రీ ఇలిఫ్ తదితరులు మరో సంగతి చెప్పారు. ఈ ద్రవం మెదడు పైపైన తిరగడమే కాక, ధమనుల గోడల వెంట ఉన్న సందుల గుండా మెదడు లోపలికి ఇంకి, కణాల మధ్య పేరుకున్న వ్యర్థాలను కడుగుతూ బయటికి వస్తుందన్నారు. దానికి గ్లింఫాటిక్ వ్యవస్థ అని పేరు పెట్టారు. పెరటి కాలువ ఇది, వీధి డ్రెయిన్ మెదడు పొరల్లో ఉన్న శోషరస నాళాలు అనుకుంటే మీ అబ్బాయి చదివినది సరిగ్గా అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ దారుల్లోకి నెత్తురు వచ్చి పడింది. మొదట అది గడ్డకడుతుంది. సాలెగూటి పోగుల మధ్య, ధమనుల చుట్టూ ఉన్న సందుల్లో ఆ గడ్డ ఇరుక్కుంటుంది. ఫ్రాన్స్‌లో 2014లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో ఈ రకం రక్తస్రావం తర్వాత ద్రవం మెదడులోకి ఇంకడం బాగా దెబ్బతిన్నట్టు ఎం.ఆర్.ఐ.లో కనిపించింది. తర్వాత రోజుల్లో ఎర్రకణాలు పగులుతాయి. వాటిలోని హీమోగ్లోబిన్, దానిలోని ఇనుము బయటపడి చుట్టుపక్కల ధమనులను బిగుసుకునేలా చేస్తాయి, మెదడు పైపొరను రగిలిస్తాయి. ఉబ్బును మూసేసిన తర్వాత కూడా నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా డాక్టర్లు మిమ్మల్ని ఐ.సి.యు. నుంచి కదలనివ్వకపోవడానికి కారణం ఇదే. పొరల్లోని భక్షక కణాలు కొంత నెత్తురును మింగుతాయి. కొంత రసాయనికంగా విరిగి, పసుపు పదార్థంగా మారుతుంది. మరికొన్ని ఎర్రకణాలు చెక్కుచెదరకుండానే శోషరస నాళాల్లోకి దూరి మెడ గ్రంథులకు చేరతాయని 2020లో చైనా పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. ఆ నాళాలను ముందుగానే దెబ్బతీసిన ఎలుకల్లో నెత్తురు ఎక్కువగా నిలిచిపోయింది, మెదడు వాపు పెరిగింది, అవి కోలుకోవడమూ కష్టమైంది.

మీ కళ్ళతో మీరు చూసినదీ అదే. ఆ 12 రోజులు మంచం పక్కన స్టాండుకు వేలాడుతున్న సంచిని మీరు గమనించే ఉంటారు. గంటగంటకూ నర్సు వచ్చి, గొట్టం ఎత్తు ఆయన చెవికి సరిపోతున్నదో లేదో చూసి, ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో రాసుకుని వెళ్ళి ఉంటుంది. సంచిలోని నీరు మొదట దానిమ్మ రసంలా ఎర్రగా, కొన్నాళ్ళకు పలచటి బెల్లంనీళ్ళలా, ఆ తర్వాత లేత పసుపుగా, చివరికి మంచినీళ్ళలా మారుతుంది. సొంత డ్రెయిన్లు పూడుకున్నప్పుడు పక్కన తవ్విన తాత్కాలిక కాలువ అది.

స్కానులో నెత్తురు లేదన్నమాట నిజమే. కానీ సి.టి.లో ఆ తెలుపు వారం పది రోజుల్లో మాసిపోతుంది. తెలుపు పోయినంత మాత్రాన శుభ్రం చేసే పని ముగిసిందని కాదు. ఇనుము మరకలు మెదడు ఉపరితలం మీద చాలాకాలం ఉండి, కొన్ని రకాల ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో నల్లటి గీతల్లా కనిపిస్తాయి. అయితే మీ వారి అలసటకు ఈ డ్రెయిన్ల పూడికే కారణమని చెప్పడానికి మనుషుల్లో నిరూపణ ఇంకా లేదు. ఉబ్బు పగిలిన క్షణంలో తలలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మెదడుకు రక్తం అందకపోవడం, తర్వాత ధమనులు బిగుసుకోవడం, నెలల తరబడి చెడిన నిద్ర, మళ్ళీ పగులుతుందేమోనన్న భయం, వీటన్నిటికీ అందులో వాటా ఉంది. మీ అబ్బాయి చెప్పినది సగం నిజం. ఆ సగం కూడా ఎలుకల దగ్గర గట్టిగా, మనుషుల దగ్గర కొంచెం మెత్తగా ఉంది.

చెయ్యవలసినవి చెబుతాను. లెక్కల పని పొద్దున్నే, మెదడు తాజాగా ఉన్నప్పుడు అరగంట మాత్రమే పెట్టుకోమనండి. సోలిపోయాక ఆపడం కాదు, సోలిపోక ముందే ఆపాలి. మధ్యాహ్నం అరగంట కునుకు తీయనివ్వండి. పెళ్ళికి వెళితే బ్యాండుకు దూరంగా కూర్చుని, అక్షింతలు వేసి వచ్చేయండి. మిల్లు యజమానితో మాట్లాడి మొదట పూటపని అడగండి. ఒకసారి మీ డాక్టరు గారి దగ్గర థైరాయిడ్, కార్టిసాల్ పరీక్షలు చేయించండి, ఎందుకంటే ఈ రక్తస్రావం తర్వాత కొందరిలో పీయూష గ్రంథి మందగించి అచ్చంగా ఇలాంటి నీరసమే వస్తుంది. దానికి మందు ఉంది. దిగులు, నిద్రలేమి ఉంటే దాచకుండా చెప్పమనండి. అన్నిటికంటే ముఖ్యం, నడకలో కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు ఈడుస్తున్నా, మతిమరుపు పెరుగుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా ఆలస్యం చేయవద్దు. డ్రెయిన్లు శాశ్వతంగా మందగించి తలలో నీరు నిలుస్తున్నదనడానికి అవి గుర్తులు. షంట్ అనే చిన్న గొట్టం ద్వారా ఆ నీటిని కడుపులోకి మళ్ళిస్తే మనిషి మళ్ళీ తేరుకుంటాడు. రక్తపోటు మందు ఒక్కపూట కూడా మానకూడదు. చుట్ట, సిగరెట్టు అలవాటు ఉంటే ఈ నాలుగు నెలల్లో మానినది మానినట్టే ఉండాలి, మళ్ళీ ముట్టకూడదు.

ప్రశ్న: మా అక్కకు ఏడాది క్రితం ఇదే రక్తస్రావమై క్లిప్పింగ్ (ఉబ్బు మొదట్లో క్లిప్పు పెట్టి మూసే) ఆపరేషన్ జరిగింది. మెడ మీద, చెవుల వెనక మర్దన చేస్తే మెదడులోని మలినాలు దిగిపోతాయని వీడియోలు వస్తున్నాయి. మెడలో శోషరస నాళాన్ని సిరకు కలిపే ఆపరేషన్ కూడా ఉందంటున్నారు. రాత్రి నిద్రలోనే మెదడు కడిగేసుకుంటుందని, ఎడమవైపు తిరిగి పడుకోవాలని చెబుతున్నారు. వీటిలో ఏది నమ్మాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆ వీడియోల వెనక ఒక నిజమైన పరిశోధన ఉంది కనుకనే అవి అంత నమ్మకంగా కనిపిస్తాయి. దక్షిణ కొరియాలో గౌ యంగ్ కో బృందం 2025లో, ఎలుకల ముఖం మీద, మెడ మీద చర్మాన్ని ఒక పరికరంతో మెత్తగా నిమిరితే చర్మం కిందున్న శోషరస నాళాల గుండా మస్తిష్క మేరుద్రవం వేగంగా బయటికి పోయిందని చూపించింది. అది చాలా తేలికైన ఒత్తిడి, అదీ లెక్కగా కొలిచి పెట్టినది. దాన్ని చూసి మన వీడియోవాళ్ళు బొటనవేలితో మెడ నరాలు పిసకమంటున్నారు. మెడలో మెదడుకు వెళ్ళే నాలుగు ధమనులున్నాయి. క్షౌరశాలలో తలను పుటుక్కుమని తిప్పించుకున్న తర్వాత ధమని లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డ కట్టి, అది మెదడులోకి వెళ్ళి పక్షవాతం వచ్చినవారు ఉన్నారు. మీ అక్కగారి ముఖానికి కొబ్బరినూనె రాసి మెత్తగా నిమిరితే నష్టం లేదు, హాయిగా నిద్ర పడితే అదే లాభం. మెడ విరవడం, గట్టిగా పిసకడం మాత్రం ఎవరి చేతా చేయించవద్దు.

మెడలో శోషరస నాళాన్ని సిరకు కలిపే ఆపరేషన్‌ను చైనాలో కొన్ని ఆసుపత్రులు అల్జైమర్స్ రోగులకు విరివిగా చేశాయి. తగిన రుజువు లేదంటూ 2025 జులైలో ఆ దేశ ఆరోగ్య యంత్రాంగమే ఆ జబ్బుకు దాన్ని నిషేధించింది. రక్తస్రావమైన ఏడాదికి మీ అక్కగారికి దానితో పనే లేదు.

నిద్ర సంగతి కొంచెం తగాదాలో ఉంది. 2013లో రోచెస్టర్ బృందం, నిద్రలో ఎలుకల మెదడు కణాల మధ్య ఖాళీ 60 శాతం పెరిగి కడుగుడు వేగం పుంజుకుంటుందని చెప్పింది. 2024లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు వేరే పద్ధతిలో కొలిచి, నిద్రలో ఆ కడుగుడు తగ్గుతున్నదని ప్రకటించారు. రెండు పక్షాలవారూ ఒకరి కొలతలను ఒకరు తప్పుపడుతున్నారు. పక్కకు తిరిగి పడుకుంటే మంచిదన్నదీ 2015లో మత్తు ఇచ్చిన ఎలుకల మీద చూసినదే, మంచం మీద పడుకున్న మనుషుల్లో కాదు. ఈ తగాదా ఎటు తేలినా మీ అక్కగారికి ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. ఎందుకంటే నిద్ర చెడితే రక్తపోటు, తలనొప్పి, అలసట మూడూ చెడతాయి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టుంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష చేయించడం ఎడమా కుడీ లెక్క కంటే ఎక్కువ మేలు.

డ్రెయిన్‌కు సాయం చేసే మార్గం మనుషుల్లో రుజువైనది ఒకటి ఉంది. అది ఆసుపత్రిలో, మొదటి రోజుల్లో చేసేది. నడుము దగ్గర వెన్నులోకి సన్నటి గొట్టం పెట్టి గంటకు 5 మిల్లీలీటర్ల చొప్పున నెత్తురు కలిసిన ద్రవాన్ని కొన్ని రోజుల పాటు తీయడం. జర్మనీ, స్విట్జర్లాండ్, కెనడాలలో 287 మంది మీద జరిగి 2023లో వెలువడిన పరీక్షలో, ఈ గొట్టం పెట్టనివారిలో ఆరు నెలలకు పరిస్థితి బాగా లేనివారు నూటికి 45 మంది కాగా, పెట్టినవారిలో 33 మందే. మెదడు అడుగున పేరుకున్న చిక్కటి నెత్తురు కిందికి జారి నడుము దగ్గర నుంచి పోవడం ఇందులోని కిటుకు. అయితే ఇది ఎవరికి పడితే వారికి చేసేది కాదు. పగిలిన ఉబ్బును ముందు మూసి, తలలో ఒత్తిడి అనుకూలంగా ఉందని స్కానులో చూసుకున్నాకే చేస్తారు.

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్ళు, గుండెకు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. నెల క్రితం బాత్‌రూములో జారి పడ్డారు. అప్పుడేమీ లేదు, ఇప్పుడు మగతగా ఉంటున్నారు, ఎడమ కాలు తడబడుతున్నది. ఇదీ మెదడు చుట్టూ రక్తస్రావమేనా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందేలోపే స్కాను తీయించి ఉంటారని ఆశిస్తాను, లేకపోతే ఈ రోజే తీయించండి. మీరు చెప్పిన లక్షణాలు వరాశిక కింద నెమ్మదిగా చేరే పాత నెత్తురువి అయి ఉండే అవకాశం ఎక్కువ. పైన చెప్పినది ధమని పగిలి క్షణంలో వచ్చేది. ఇది చిన్న సిర తెగి వారాల తరబడి ఊరేది. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోవడం వల్ల ఆ సిరలు లాగిపెట్టినట్టుంటాయి, చిన్న దెబ్బకే తెగుతాయి. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ నల్లటి ద్రవాన్ని తీసేస్తే చాలామంది రెండు మూడు రోజుల్లో లేచి కూర్చుంటారు. రక్తం పలచబడే మాత్రను మీరై మీరు ఆపకండి, ఆసుపత్రిలో మొదట చెప్పవలసింది మాత్రం ఆ మాత్ర పేరే.

ప్రశ్న: మా తమ్ముడికి రక్తస్రావం తర్వాత నిమోడిపిన్ మాత్రలు ఇచ్చారు. నాలుగు గంటలకోసారి అర్ధరాత్రి కూడా లేపి వెయ్యాలంటున్నారు. గడ్డ కరగడానికేనా? 21 రోజులయ్యాక ఇంకొన్నాళ్ళు వాడితే ఇంకా మంచిదా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఆ మాత్ర గడ్డను కరిగించదు. నెత్తురు తనంతట తాను తొలగిపోయే ఆ మూడు వారాల్లో మెదడు దెబ్బతినకుండా కాపాడటానికి ఇస్తారు. మామూలు మోతాదు నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాములు, 21 రోజులు. దాని ప్రభావం త్వరగా దిగిపోతుంది కనుక అర్ధరాత్రి మాత్రను తెల్లవారుజామున కలిపి వేస్తానంటే కుదరదు. రక్తపోటు పడిపోతుంటే డాక్టర్లే దాన్ని రెండు గంటలకోసారి 30 మిల్లీగ్రాములుగా విడగొడతారు. గడువు దాటాక కొనసాగించడం వల్ల మేలు లేదు. అలారం పెట్టుకుని, వేసిన ప్రతి మాత్ర పక్కనా కాగితం మీద టిక్కు పెట్టండి. మూడు వారాల పాటు రాత్రి రెండు గంటలకు లేచేవారికి ఏ మాత్ర వేశారో ఏది వెయ్యలేదో గుర్తుండదు.